పెండోవరులో నాకు జరిగిన సన్మానం

బళ్ళారి వెళ్ళొచ్చానంటే అందరూ అడిగేది ఒకటే: హంపి చూశావా? చూడలేదు. తుంగభద్ర డ్యాము? అదీ లేదు. పోనీ, సంగనకల్లు గుట్ట మీద ఆదిమానవులు రాతి గొడ్డళ్ళు నూరుకున్న చోటైనా? గుట్ట బస్సు కిటికీలోంచి కనబడింది, అదీ ముందున్న లారీ పక్కకు తప్పుకున్నంతసేపే. మరి ఐదు రోజులు అక్కడేం వెలగబెట్టావని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చదివాక నన్నెవరూ మెచ్చుకోరని నాకు తెలుసు.

నేను అనంతపురం తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు వేరు చేశాను. తిమ్మాపురాలూ కొత్తపల్లెలూ కుప్పలుగా వచ్చే ఆ బల్ల మీద నెలకు రెండు మూడుసార్లు ఒక వింత పేరు చేతికి తగిలేది: పెండోవరు, బళ్ళారి జిల్లా. అది తెలుగు కాదు, కన్నడం కాదు, తురకమాటా కాదు. మా ఆఫీసులోనే కోలారు బంగారు గనుల్లో పుట్టి పెరిగిన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన ఆ కవరు చూసి, "ఇది కార్న్‌వాల్ పేరమ్మా" అన్నాడు. ఇంగ్లండుకు నైరుతి కొసన ఆ సీమ ఉందట. అక్కడివాళ్ళకు ఇంగ్లీషు కంటే ముందు సొంత భాష ఒకటుండేదట. గనులు తవ్వడంలో ఆరితేరిన ఆ జనం పని వెతుక్కుంటూ కోలారు దాకా వచ్చారట. వాళ్ళ మాటల్లో "పెన్" అంటే తల, "డోవర్" అంటే నీళ్ళు. పెండోవర్ అంటే నీళ్ళ తల, నీళ్ళు మొదలయ్యే చోటు.

ఈ సంగతి ప్రపంచంలో ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదన్న గర్వంతో పదవీ విరమణ దాకా బతికాను. ఆ ఏడాది ఇనుప రాయికి చైనాలో గిరాకీ వచ్చి బళ్ళారి పేరు మార్మోగిపోతోంది. అందరూ ఏదో ఒకటి తవ్వుకోవడానికి అటు పోతున్నారు గదా అని నేనూ బయలుదేరాను.

ఏ గణి మేడమ్ మీది?

బళ్ళారి సత్యనారాయణపేటలో మా పెద్దమ్మ మనవరాలి ఇల్లుంది. వాళ్ళు మేడ మొత్తం గని కంపెనీకి అద్దెకిచ్చి, కుటుంబమంతా కారు షెడ్డులో సర్దుకుంటున్నారు. ఉండమని బతిమాలారు గానీ, ఆ షెడ్డులో నాకు చోటు కావాలంటే ఎవరో ఒకరు నిలబడి నిద్రపోవాలి. స్టేషను దగ్గర లాడ్జికి పోయాను.

గుమాస్తా రిజిస్టరు తెరిచి, కన్నడం కలిపిన తెలుగులో, "ఏ గణి మేడమ్ మీది?" అన్నాడు.

"గని లేదు నాయనా."

"లారీలా?"

"లారీలూ లేవు."

"అట్లయితే కోర్టు కేసుకు వచ్చినారా?"

"ఒక ఊరి పేరు ఎట్లా వచ్చిందో కనుక్కోవడానికి వచ్చాను."

అతను నన్ను జాలిగా చూసి 'ఇతరములు' అని రాసుకున్నాడు. మూడు వందలుండే గది తొమ్మిది వందలయింది. అదేమిటయ్యా అంటే, "ఢిల్లీ నుంచి వస్తాండారు, చైనా నుంచి వస్తాండారు. మీరు వద్దంటే వాళ్ళు రెండు వేలిచ్చి తీసుకుంటారు మేడమ్" అన్నాడు. ఆ తొమ్మిది వందల గదిలో కుళాయి తిప్పితే నీళ్ళు కుంకుమ కలిపినట్టు వచ్చాయి. స్నానం చేశాక చేయక ముందు కంటే ఎర్రగా తేలాను.

పొద్దున్నే హోటల్లో ఒగ్గరణె తిన్నాను. మా అనంతపురం ఉగ్గానికి, వీళ్ళ ఒగ్గరణెకు తేడా ఏమిటంటే, వీళ్ళు తమదే అసలుదంటారు, మేము మాదే అసలుదంటాం. బొరుగులు అవే, పక్కన మిరపకాయ బజ్జీ అదే, కళ్ళలో నీళ్ళూ అవే. పక్క బల్ల దగ్గర ఉంగరాలకు వేళ్ళు చాలని ఒకాయన మూడు ప్లేట్లు తెప్పించి ఒకటి తిని లేచాడు. "మిగిలినవి?" అని సర్వరును అడిగితే, "బల్ల ఖాళీగా ఉంటే ఆయప్పకు నచ్చదమ్మా, నిన్నమొన్నటిదాకా ఆయప్ప కూడా ఈడ సర్వరే" అన్నాడు.

ధూళి దారి

బళ్ళారి నుంచి పెండోవరుకు నలభై కిలోమీటర్లు. బస్సులో మూడు గంటలు పట్టింది. సండూరు వైపు నుంచి రాయి నింపుకుని రేవులకు పోయే లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడి ఉంటాయి. రెండు పక్కలా పత్తి చేలు. పత్తి తెల్లగా ఉంటుందని చిన్నప్పటి నుంచి మనకు చెప్పారు గానీ, లారీల ధూళి పడ్డ ఆ చేలు చూసినవాళ్ళెవరూ నమ్మరు. పక్క సీటు రైతును, ధర ఎట్లా వస్తుందయ్యా అంటే, "పత్తికి యాడ ధర? రోడ్డు పక్క చేను కాబట్టి లారీలు నిలబెట్టుకునేదానికి ఇచ్చినా. పత్తి సుమ్నే, ఊరికే ఉండాది, చూసేదానికి" అన్నాడు.

ధూళి పడలేక చేతిరుమాలు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. దాని ఫలితం బస్సు దిగాక తెలిసింది. పై పెదవి మీద నిండుగా ఎర్రటి మీసంతో నేను పెండోవరులో అడుగు పెట్టాను.

మూడు కథలు, ఒక టీ

పెండోవరు హగరి ఒడ్డున ఉన్న చిన్న ఊరు. నూట పది గడపలుంటాయి. హగరిని నది అనడానికి ధైర్యం కావాలి. మైలు వెడల్పున ఇసుకే తప్ప నీటి చుక్క కనబడదు. నీళ్ళున్నాయి, ఇసుక కింద ఉన్నాయి అంటారు.

టీ కొట్టు గాదిలింగప్పదే ఆ ఊరి తపాలా కార్యాలయం కూడా. పాల గిన్నె పక్కనే ముద్ర, స్టాంపుల పుస్తకం పెట్టుకుంటాడు. తపాలా మనిషినని చెప్పగానే వాళ్ళింట్లోనే దిగమన్నాడు. మీసం తుడుచుకోవడానికి చెంబుడు నీళ్ళిచ్చింది ఆయన భార్య. ఆ నీళ్ళు తేటగా, చల్లగా ఉన్నాయి. బళ్ళారిలో తొమ్మిది వందలకు దొరకనివి ఇక్కడ ఊరికే దొరికాయి.

ఊరి పేరు సంగతి ఎత్తానో లేదో కొట్టు నిండిపోయింది. ఒకాయన, ఇక్కడ విజయనగర రాయలు గుర్రాలకు నీళ్ళు తాపించాడని మొదలుపెట్టాడు. ఆ జిల్లాలో రాయలు నీళ్ళు తాపించని ఊరు లేదు. పాపం ఆ గుర్రాలకు దప్పిక తప్ప వేరే పని ఉన్నట్టు లేదు. ఇంకొకాయన, పెండోవరు తెల్లదొర పెళ్ళాం పేరని, బంగారం దొరకలేదన్న దిగులుతో ఇక్కడే పోయిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. మూడో ఆయన, అది లారీ ఇంజను కంపెనీ పేరని ఒట్టు పెట్టాడు. ఊరి వయసు లారీ కంటే ఎక్కువ గదా అంటే, "ఏందమ్మా అట్లంటావ్, లారీ లేకుంటే ఊరెట్ల వస్తాది?" అన్నాడు. ఆ ఊరి ప్రస్తుత పరిస్థితిలో ఆ మాట కొట్టిపారేయడానికి లేదు.

నేను మాత్రం టీ అందుకున్నాను. అసలు సంగతి కడుపులో పెట్టుకుని టీ చప్పరించడంలో ఉన్న సుఖం టీలో లేదు.

నీరుగంటి ఓబులక్క

"ఇవన్నీ కాదుగానీ, ఓబులక్కను అడగల్ల మీరు" అన్నాడు గాదిలింగప్ప. నీరుగంటి అంటే ఊరి పొలాలకు వంతుల ప్రకారం నీళ్ళు వదిలే మనిషి. పెండోవరులో తరతరాలుగా ఆ పని ఓబులక్క వాళ్ళింటిదే. ఆమెకు అరవై ఐదేళ్ళుంటాయి. గుట్ట కింద ఒక సొరంగం నోటి దగ్గర, మోకాళ్ళ దాకా బురదతో కూర్చుని జొన్నరొట్టెలో గుర్రెళ్ళ పొడి నంజుకుని తింటోంది. నన్ను చూసి ఒక రొట్టె విరిచి చేతిలో పెట్టింది. ఎవరు, ఏమిటి అని అడగలేదు.

ఆమె చెప్పిన కథ ఇది. వాళ్ళ ముత్తాత రోజుల్లో ఒక దొర బంగారం కోసం ఆ గుట్టను తవ్వించాడు. బంగారం బదులు నది ఊట గుంటలోకి దూకింది. గనిలో నీళ్ళు పడితే వాలుగా సొరంగం తవ్వి బయటికి పారించడం వాళ్ళ దేశపు విద్యట. అట్లాగే ఇక్కడా తవ్వించి, రెండు పక్కలా రాళ్ళు పేర్చి, పైన బండలు కప్పించాడు. నీళ్ళు పారాయి, బంగారం మాత్రం లేదు. దొర సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. పనికి వచ్చినవాళ్ళు నీళ్ళను చూసి ఉండిపోయారు, కింద భూములు సాగు చేసుకున్నారు. అదే ఊరయింది. సొరంగం నోటి పైన బండ మీద దొర తన ఊరి పేరు చెక్కించాడు. చేత్తో తడిమి చూశాను. నా బల్ల మీద ముప్పై ఏళ్ళు నలిగిన పేరే అది.

సొరంగం నోట్లోంచి చేయి లావున నీళ్ళు వస్తున్నాయి. దాని కింద అరవై ఎకరాలు. అందులో ఓబులక్కది ఎకరా ఉల్లి.

"ఇంగ రెండు తడులు పడితే గడ్డ ఊరతాదమ్మా. పోయినేడు ఎండిపాయ. ఈ ఏడన్నా చేతికి రాకుంటే, చేను లారీలోళ్ళకు ఇచ్చి కూసోవల్ల నేనుగూడ" అంది.

ఏటా ఈ రోజుల్లో సొరంగంలో చేరిన పూడిక తీయాలి. ఇంటికొక మనిషి రావాలి. ఓబులక్క నోటి దగ్గర నిలబడి ఒక్కొక్క ఇంటి పేరు పిలుస్తుంది. వచ్చినవాళ్ళు "వచ్చినా" అని గంప అందుకుని లోపలికి పాకుతారు. రానింటికి తడి లేదు. లోపలికి ఇనుము పోకూడదు. పార లేదు, గడపార లేదు. టెంకాయ చిప్పలు, చెక్క పలకలు, చేతులు.

"బండలకూ బండలకూ నడుమ బంకమన్ను మెత్తిండారు. ఇనుము తగిలి అది కదిలిందంటే, ఊట ఇసకలోకి దారి ఎతుక్కుంటాది. మళ్ళ పిలిస్తే రాదు."

"ఈ రోజు ఎంతమంది వచ్చారక్కా?"

"నూటపది పేర్లు పిలిచినా. ఆర్మంది వచ్చిరి. అందరికీ లారీలుండాయమ్మా. లారీ ఉండేటోడు గంప ఏంటికి ఎత్తుతాడు?"

రేపే ఫంక్షన్

మర్నాడు మధ్యాహ్నం ఎర్రిస్వామప్ప ఇంట్లో భోజనం. ఊరికి పెద్ద, పన్నెండు లారీలు, మూడంతస్తుల మేడ. వరండా నిండా పాలరాయి, దాని మీద నడవొద్దని పరిచిన ప్లాస్టిక్ పట్టలు. ఆ జిల్లాలో జొన్నరొట్టె పెట్టని ఇల్లు అదొక్కటే చూశాను. బళ్ళారి నుంచి కారులో తెప్పించిన నూడుల్స్ పెట్టారు. చల్లారి తాళ్ళలాగా ఉన్నాయి. తినడం ఎవరికీ చేతకాక అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

అక్కడే నా కడుపులోని రహస్యం బయటికి వచ్చింది. పెన్ అంటే తల, డోవర్ అంటే నీళ్ళు అని చెప్పగానే ఎర్రిస్వామప్ప చప్పట్లు కొట్టాడు.

"నీళ్ళ తల! ఇంగ్లండోడు పెట్టిన పేరా మా ఊరిది! మేడమ్మోరూ, రేపే ఫంక్షన్ పెడదాం. మీరే ముఖ్య అతిథి. పేపరోళ్ళనూ పిలిపిస్తా."

ఆ రోజుల్లో ఆ జిల్లాలో ఏదైనా రేపే. "ఆ తల ఏమో గుహ మాదిరి ఇరుకుగా ఉండాది. వచ్చినోళ్ళకు ఏం కనబడతాది? జేసీబీ పంపించి నోరు పెద్దది చేయిస్తా. పూడిక పనీ అయిపోతాది. నూటపది మంది పది దినాలు చేసేది, మిషను అర్ధగంటలో చేస్తాది" అన్నాడు.

సాయంత్రం ఓబులక్క టీ కొట్టుకు వచ్చింది. లోపలికి రాలేదు, మెట్టు మీదే కూర్చుంది.

"అమ్మా, నీ మాట ఇంటాడు ఆయప్ప. మిషను వద్దని చెప్పు. నేను చెప్తే ముసల్దానికి ఏం తెలుసంటాడు."

"చెప్తాను అక్కా."

"ఎప్పుడు చెప్తావు?"

"సభ కానివ్వక్కా, నిదానంగా చెప్తాను."

ఎందుకట్లా అన్నానో దాచుకోవడం దేనికి? ముప్పై ఏళ్ళ ఉద్యోగానికి నాకు దక్కింది ఒక గోడ గడియారం. ఒక శాలువా కప్పి, నాలుగు మాటలు మాట్లాడమని మైకు ఇస్తామన్నవాళ్ళు ఈ ఎర్రిస్వామప్ప ఒక్కడే. ముందే వద్దంటే సభే ఆగిపోతుందేమోనని భయపడ్డాను. మిషను నోటి ముందు నేల చదును చేసి ఊరుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

సభ

సొరంగం ముందే పందిరి వేశారు. జేసీబీకి బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. ఎర్రిస్వామప్ప నాకు శాలువా కప్పాడు. మైసూరు పేటా తెచ్చి తలకు పెట్టాడు. అది మగవాళ్ళ కొలత. నా కొప్పు మీద కాసేపు ఆలోచించి మెల్లగా నుదుటి మీదికి జారింది.

మైకు ముందు నిలబడ్డాను. కార్న్‌వాల్ గురించి చెప్పాను, కోలారు గురించి చెప్పాను. పెన్ అంటే తల అన్నాను, చప్పట్లు. డోవర్ అంటే నీళ్ళు అన్నాను, ఇంకా పెద్ద చప్పట్లు. పేటా కళ్ళ మీదికి దిగింది. దాన్ని ఎత్తుకోకుండానే మాట్లాడుతూ పోయాను, అంత మత్తుగా ఉంది. వెనకాల మిషను మోత విన్నాను. రాతి మీద ఇనుము గీరుకున్న చప్పుడు విన్నాను. జనం ఈలలు వేశారు.

పేటా ఎత్తి చూస్తే సొరంగం నోట్లోంచి నీళ్ళు ఎగిరి దూకుతున్నాయి. చేయి లావు కాదు, మనిషి లావు. పేపరు అబ్బాయి ఫోటోలు తీశాడు. ఎర్రిస్వామప్ప ప్యాంటు తడిసినా కదలకుండా నిలబడి, "చూడండప్పా, మిషను అంటే ఇదీ" అన్నాడు. ఓబులక్క ఒక్కతే, "ఆపండ్రా, ఆపండ్రా" అని అరుస్తోంది. ఆ చప్పట్లలో ఆమె గొంతు ఎవరికి వినిపిస్తుంది?

నాలుగైదు నిమిషాలకు నీళ్ళు బురదయ్యాయి. ఆ బురద పల్చనై, వేలి లావుకు వచ్చి, దారమంత అయి, ఆగిపోయింది. మిషను పళ్ళు పైకప్పు బండలు రెండు లేపి, వాటి నడుమ బంకమన్ను ఊడగొట్టాయి. పేరు చెక్కిన బండ పగల్లేదు. దాని కింద నోరు తెరుచుకుని ఉంది, అందులో నీళ్ళు లేవు.

ఎర్రిస్వామప్ప ఫోను తీశాడు. "భయపడొద్దండి. బోరు ఏయిస్తా, సాయంత్రానికి నీళ్ళు." మూడు గంటలకు బోరు బండి వచ్చింది కూడా. మూడు వందల అడుగులు దిగింది. ఎర్ర ధూళి వచ్చింది. అక్కడే ఇంకో చోట వేశారు, అక్కడా ధూళే. పొద్దు గుంకే వేళకు పందిరి విప్పేశారు.

గంపలు

మర్నాడు పొద్దున నా సంచీ సర్దుకుని, ఓబులక్కకు ఏం చెప్పాలో తెలియకుండానే గుట్ట దగ్గరికి పోయాను. అక్కడ ఊరంతా ఉంది. ఇంటికొకరు, కొన్ని ఇళ్ళ నుంచి ఇద్దరు. అందరి చేతుల్లో గంపలు, టెంకాయ చిప్పలు. లారీ డ్రైవర్లు చొక్కాలు విప్పి నిలబడ్డారు. గాదిలింగప్ప కొట్టు మూసి వచ్చాడు. ఇంతమంది గంపలతో రావడం పదేళ్ళలో ఇదే మొదటిసారి అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన తల ఎత్తలేదు.

"పని ఉందా అక్కా ఇంకా?" అని అడిగాను.

"బండలు మళ్ళ కూసోబెట్టల్ల. బంకమన్ను మెత్తల్ల. రెండేండ్లకో మూడేండ్లకో ఊట మనసు మార్చుకుంటే వస్తాది. రాకున్నా రాదు." చేను వైపు చూసింది. "ఉల్లి అయితే పాయ."

ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిడితే ఎంతో బాగుండేది. నోటి ముందు నిలబడి పేర్లు పిలవడం మొదలుపెట్టింది.

"బోయ ఈరన్న ఇల్లు?"

"వచ్చినా."

"కుంటి మల్లయ్య ఇల్లు?"

"వచ్చినా అక్కా."

ఒక్కొక్కరే గంప అందుకుని వంగి లోపలికి పోతున్నారు. నూటపది పేర్లలో నూట తొమ్మిది అయ్యాయి.

"ఎర్రిస్వామప్ప ఇల్లు?"

ఆమె ఇంకోసారి పిలిచింది. మెయిన్ రోడ్డు మీద ఆపిన కారులోంచి ఆయన డ్రైవరు తల బయటికి పెట్టి అరిచాడు.

"మా ఇంటి వంతు నిన్ననే అయిపాయ గదక్కా, జేసీబీ పంపిస్తిమి!"

కారు బళ్ళారి వైపు పోయింది. ఓబులక్క అక్కడ ఒక గంప మిగిలి ఉండడం చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను ఆ ఊరి ఇంటిదాన్ని కాదు, ఆమె నా పేరు పిలవలేదు. నా వంతు కూడా నిన్ననే మైకు ముందు అయిపోయిందని నాకు తెలుసు. రోడ్డు మీద నేనెక్కాల్సిన బస్సు హారను కొట్టింది. సంచీ బండ మీద పెట్టి, చెప్పులు విడిచి, "వచ్చినా" అన్నాను.